మా పేట బోరులో సీసం

ఇప్పుడు నా కుడిచెయ్యి మళ్ళీ కత్తెర పట్టుకుంటోంది. జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీసిన గీత వెంట తప్పకుండా నడుస్తోంది. దేవుడు నిన్ను స్వస్థపరిచాడని మా సంఘంలో అందరూ అంటారు. నేనూ కాదనను. కానీ ఆ మాట వెనకాలే ఇంకొకటి అడుగుతారు, మరి మీ బావగారిని క్షమించావా అని.

లేదు. క్షమించలేదు. చదవబోయేవాళ్ళకి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో మనసు కరిగి కన్నీళ్ళు పెట్టుకుని చేతులు కలుపుకున్నామని రాస్తానేమోనని ఎదురుచూడకండి.

ఎందుకు రాస్తున్నానంటే, కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పనిలో పడిపోయే నాలాంటి ఆడవాళ్ళు తాగే నీళ్ళ గురించి కూడా ఒకసారి ఆలోచించాలని. నా కోసం కూడా. నోటితో చెప్పబోతే సగంలో లేచిపోతున్నాను. కాగితం మీదయితే ఆగి ఆగి చెప్పుకోవచ్చు.

నా పేరు కరుణ. మాది ఎస్.కోట అని పిలిచే శృంగవరపుకోట దగ్గర, కొండల కిందుగా ఉండే చిన్న పేట. పేటలో అందరం ఒకే చర్చికి వెళ్తాం. మిషనరీల కాలంలో మా తాతల తరం కట్టుకున్న బాప్టిస్టు చర్చి అది. ఎస్.కోట బజారులో నాకు టైలరింగ్ షాపు ఉంది. మా ఆయన ప్రసాదు లగేజీ ఆటో నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు, బ్లెస్సీ. మూడో తరగతి.

మా ఆయన అన్నగారు ఆనందరావు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే తమ్ముణ్ణి పెంచి, ఆటో నేర్పించి, పెళ్ళి చేసింది ఆయనే. చర్చికి కోశాధికారి. పేటలో ఎవరికి ఆపద వచ్చినా ముందు ఆయన కారు కదిలేది. పేట వెనక మామిడితోట అంచున ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉండేది. కార్లవీ ఇన్వర్టర్లవీ పాడైన బ్యాటరీలు తెప్పించి, అక్కడ పగలగొట్టి, లోపలి సీసాన్ని కరిగించి దిమ్మలు పోసి అమ్మేవారు. బ్యాటరీల్లోంచి వచ్చే ఆసిడ్‌ని షెడ్డు పక్క గోతిలో ఒంపేసేవారు. ఆ గోతికీ మా ఇళ్ళకీ మధ్యలో ఉన్నదే పేట అంతా తాగే బోరు. విజయనగరం నుంచి ఆ బ్యాటరీలు మోసుకొచ్చింది మా ఆయన ఆటో. ఆ పనితోనే మా ఇల్లు సగం గడిచేది.

నా జబ్బు ముందు ఎండాకాలంలో మొదలైంది. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే కడుపులో పేగుల్ని ఎవరో తడిబట్టలా పిండినట్టు నొప్పి వచ్చేది. కాసేపటికి వదిలేసేది. వదిలేశాక నేనే సిగ్గుపడేదాన్ని, ఇంత చిన్నదానికి అంత అరిచానా అని. నోట్లో ఎప్పుడూ ఇనుప మేకు చప్పరిస్తున్నట్టు రుచి. అన్నం సయించదు. మెట్లెక్కితే ఆయాసం. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన అల్సర్ అన్నాడు. రక్తం తక్కువైందని ఇంకొకావిడ ఐరన్ మాత్రలు రాసింది. అందరూ చెప్పిన మంచిమాట మాత్రం ఒకటే. "నీళ్ళు బాగా తాగమ్మా." నేను బాగా తాగాను.

విజయనగరంలో ఆసుపత్రి వరండా నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలు, శబ్దం లేని టీవీ, తలుపు తీసినప్పుడల్లా అందరి మెడలూ అటు తిరగడం. ఒకరోజు నొప్పి ఆగలేక కుర్చీలోంచి కిందికి జారి గోడకి ఆనుకుని కూర్చున్నాను. పక్కనే ఎవరో పెద్దావిడ ఉంది, చీపురుపల్లి వైపు రైతుల ఇల్లాలట. నన్ను చూసి తన సంచీ పక్కకి జరిపి, నా తల తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పడుకోయే తల్లీ. నీ పేరు పిలిస్తే నాను సెప్తానులే."

ఆమె పేరు పిలిచారు. ఆమె లేవలేదు. నేను నిద్రపోతున్నానని నర్సుకి సైగ చేసి, తన వెనకవాళ్ళని లోపలికి పంపించేసింది. నేను లేచాక ఆ సంగతి పక్కవాళ్ళు చెప్పారు. ఆమె పేరైనా అడగలేదు నేను. ఈ మొత్తం కథలో తలుచుకుంటే నా మనసు చల్లబడేది ఆ ఒళ్ళు ఒక్కటే.

ఆసుపత్రులకి మమ్మల్ని తిప్పింది బావగారే, తన కారులో. వెళ్ళేముందు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవారు. దారిలో నేను మా ఇంటి నుంచి తెచ్చుకున్న బాటిలు ఎత్తి గడగడా తాగేదాన్ని. బోరు నీళ్ళే. ఆయన పక్కన సీల్ తీయని బాటిలు ఉండేది, దుకాణంలో కొన్నది. నేను తాగుతుంటే ముందు అద్దంలో నన్ను చూసేవారు. చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగేవారు. ఆ చూపు అప్పుడు నాకు జాలి అనిపించింది.

వానలు పడేసరికి రోగం చేతికి దిగింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోవడం మొదలెట్టింది. లేపుదామంటే లేవదు, పెళ్ళికూతురి చేతిలా వంగి ఉంటుంది. కత్తెర జారిపోయేది. ఒకావిడ కూతురి నిశ్చితార్థం జాకెట్టు, మంచి పట్టుగుడ్డ, మెడ కత్తిరించబోయి భుజం దాకా కోసేశాను. ఆమె తిట్టలేదు. ముక్కలు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. షాపు షట్టరు దించేశాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికీ ఎవరి మీదా ఓర్పు లేదు. "ఏటే ఇది, రోజూ మూలుగేనేటి? డాక్టర్లు ఏటీ లేదంటన్నారు కదా," అన్నాడొకసారి కంచం ముందు నుంచి లేస్తూ. నేను గిన్నె విసిరికొట్టాను. ఎడమచేత్తో.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది బ్లెస్సీ. నెమ్మదైన పిల్ల. అలాంటిది బడిలో తోటిపిల్లని కొరికిందట. టీచరమ్మ పిలిపించి, "ఇదివరకు చెప్పిందల్లా ఇట్టే పట్టేసేదండీ, ఇప్పుడు నిన్న చెప్పింది ఇవాళ లేదు," అంది. కడుపునొప్పని ముడుచుకుని పడుకుంటుంటే, నన్ను చూసి అనుకరిస్తోందనుకున్నాం. దానికోసం నీళ్ళు ప్రత్యేకంగా కాచేదాన్ని. తెర్లేదాకా కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి బాటిల్లో పోసేదాన్ని. ఇంకే తల్లీ అంత శ్రద్ధగా చేయదనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒకసారి మా యారాలు, అంటే బావగారి భార్య సుందరమ్మ, మా వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు తటపటాయించింది. నేను ఆమెని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాను.

"గుంటకి మా ఇంటి టిన్ను నీళ్ళు పట్టుకెళ్ళవే," అంది. గుంట అంటే మావైపు ఆడపిల్ల, బ్లెస్సీ గురించే ఆ మాట.

"ఎందుకప్పా, నాను కాసే ఇస్తన్నాను కదా."

"అదికాదే... సరే, నీ ఇష్టం," అని వెళ్ళిపోయింది.

వాళ్ళ ఇంటికి రోజూ పట్నం నుంచి వ్యానులో నీళ్ళ టిన్నులు దిగేవి. డబ్బున్నవాళ్ళ సోకు అనుకున్నాను.

వానలు తగ్గుముఖం పడుతుండగా విశాఖ పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసే, నా కడుపు నొక్కి చూసి ఊరుకోలేదు. నోరు తెరవమంది. పెదవి వెనక్కి తీసి చిగుళ్ళు చూసింది. పళ్ళ మొదట్లో నీలంగా గీతలా ఉందట. నా చెయ్యి పట్టుకుని పైకెత్తమంది. అది లేవలేదు.

"మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారామ్మా?" అని అడిగింది.

మా ఆయన నా వైపు చూశాడు. "మా అన్నియ్యది షెడ్డు ఉన్నాదండి. నాను ఆటోలో తోల్తానండి," అన్నాడు.

"మీరు తాగే నీళ్ళు ఎక్కడివి?"

చెప్పాం. ఆమె కలం కింద పెట్టేసింది. మా ముగ్గురి రక్తమూ తీయించింది. ఇంటి నుంచి నీళ్ళు కూడా తెమ్మంది. ఫలితాలు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ ఆ నీళ్ళు ముట్టుకోవద్దంది కాబట్టి ఎస్.కోట నుంచి మోసుకొచ్చుకున్నాం. బోరు దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్ళని చూస్తూ ఆ పక్కనుంచి నడిచి వెళ్ళేదాన్ని. ఏమని చెప్పను? నాకే ఇంకా తెలియదు.

నీళ్ళల్లో సీసం. నా ఒంట్లో సీసం. బ్లెస్సీ ఒంట్లో సీసం. మా ఆయన ఒంట్లోనూ.

"నాను కాసిచ్చేదాన్నండీ," అన్నాను. ఆ ఒక్కమాటే నోట వచ్చింది.

డాక్టరమ్మ నాకు నెమ్మదిగా చెప్పింది. కాస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు. నీళ్ళు ఆవిరైపోతాయి, సీసం గిన్నెలోనే ఉండిపోతుంది. మరిగేకొద్దీ చిక్కబడుతుంది. గుడ్డలో వడగట్టినా ఆగదు. రుచి మారకపోవచ్చు, రంగు మారకపోవచ్చు. ఈ మాటలు ఎవరికి పనికొస్తాయో తెలియదు. ఇక్కడ పెడుతున్నాను, గుర్తుపెట్టుకోండి. "ఇందులో మీ తప్పేం లేదు," అని కూడా అంది. అది నాకూ తెలుసు. తప్పు ఎవరిదో అప్పటికింకా తెలియదు.

నన్నూ పిల్లనీ చేర్చుకున్నారు. సీసాన్ని పట్టి బయటికి లాక్కొచ్చే మందు సెలైన్లో ఎక్కించేవారు. పక్కపక్క మంచాలు. బ్లెస్సీ సూది గుచ్చిన చెయ్యి కదపకుండా పడుకుని, "అమ్మా, నేనేం తప్పు చేశాను?" అని అడిగేది. దానికి నేను చెప్పిన జవాబులేవీ దానికి నచ్చలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన అన్నగారి దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "ఈ కొండరాళ్ళల్లోనే సీసం ఉంటాదంట. షెడ్డుకీ దానికీ సంబంధం లేదంటన్నాడు అన్నియ్య," అన్నాడు. ఆ మాట నమ్మాలని మా ఆయన ఎంత ఆశపడ్డాడో అతని మొహం మీద కనిపించింది. నమ్మకపోతే అతనికి తండ్రి లేకుండా పోతాడు. పిల్లకి విషం మోసుకొచ్చింది తన ఆటోయే అవుతుంది.

మర్నాడు బావగారు యాపిల్ పళ్ళు పట్టుకుని వచ్చారు. కుర్చీలో కూర్చుని, "సూడమ్మా కరుణా, దేవుడు దయ సూపించినాడు. ఇంటి మాట ఇంట్లోనే ఉండాల. పేటలో పదిమంది నా షెడ్డు మీద బతుకుతన్నారు," అన్నారు. బ్లెస్సీని దగ్గరికి రమ్మన్నారు. అది వెళ్ళలేదు.

ఆయన అటు వెళ్ళగానే ఆ పళ్ళు పెంటలో పారేశాను. ఆ సాయంత్రమే మా యారాలు వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. లోపలికొచ్చి నేల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అప్పా," అన్నాను, "మీ ఇంట్లో టిన్ను నీళ్ళు ఎప్పటినుంచి తాగుతన్నారు?"

"షెడ్డులో ఒకడు పడిపోనాడు సూడు, పార్వతీపురం వైపు కుర్రోడు... వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే సీసమని సెప్పినారంట. సుట్టుపక్కల నీళ్ళు కూడా పరీక్ష సేయించుకోమన్నారంట. ఈయన పరీక్ష సేయించలేదే. ఇంటికొచ్చి, రేపట్నుంచి మనం బోరు నీళ్ళు తాగొద్దన్నాడు. నా మనవల మీద ఒట్టేయించుకున్నాడు, ఎవరికీ సెప్పొద్దని."

ఆ కుర్రాడు షెడ్డు మానేసి వెళ్ళిపోయి అప్పటికి మూడు వానాకాలాలు. అంటే మూడేళ్ళుగా ఆయనకి తెలుసు. మా ఇంటికొచ్చినప్పుడు నేను చెంబుతో ఇచ్చిన నీళ్ళు దాహం లేదని పక్కన పెట్టింది తెలిసే. కారు అద్దంలో నన్ను చూసింది జాలితో కాదు. నా తల మీద ఆ చెయ్యి. ఆ ప్రార్థన.

కోపం అనే మాట చాలదు. కడుపులో పేగులు పిండినప్పుడు కూడా నేను అంత గట్టిగా పళ్ళు కొరకలేదు. చెబుతున్నాను కాబట్టి ఇదీ చెబుతాను. మర్నాడు పగలు, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేనప్పుడు, బోరు నీళ్ళు బిందెడు పట్టుకుని వెళ్ళాను. టిన్ను ఖాళీ చేసి ఇవి పోసేద్దామని. పోస్తే ఎవరికీ తెలియదు. నాకు తెలియకుండా ఆయన తాగనిచ్చినట్టే. మూత తీశాను కూడా. వరండాలో ఆయన మనవరాలు, పలక మీద గీతలు గీసుకుంటున్న పిల్ల, "పిన్నమ్మమ్మా, దాహం," అని గ్లాసు పట్టుకుని వచ్చింది. ఆ టిన్నులో నీళ్ళే దానికి ఇచ్చాను. నా బిందె తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు రోడ్డు మీద ఒంపేసి వచ్చేశాను.

ఆ దారిన వద్దనుకున్నాను. నలుగురూ చూస్తుండగా జరగాలనుకున్నాను.

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల వేళ ఉంటుంది. జబ్బు నయమైనవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు లేచి దేవుడికి స్తోత్రం చెప్పుకుంటారు. ఆ ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "మన సహోదరి కరుణ విశాఖ నుంచి స్వస్థతతో తిరిగొచ్చింది, సాక్ష్యమిస్తుంది," అన్నారు. బావగారు ముందు వరసలో, చందా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నా వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. కారులో తిప్పినందుకు తన పేరు కూడా చెబుతాననుకున్నారు. చెప్పాను.

"నాను బతికినందుకు దేవుడికి స్తోత్రం," అన్నాను. "నా ఒంట్లో ఉన్నాది సీసం. నా గుంట ఒంట్లో ఉన్నాది సీసం. మనందరం తాగుతన్న బోరులో సీసం ఉన్నాది. అది మా బావగారి షెడ్డు గోతిలోంచి వస్తన్నాది. ఆయనకి మూడేళ్ళ నుంచి తెలుసు. తెలిసి ఆయన ఇంటికి టిన్నులు తెప్పించుకున్నారు. మనకి సెప్పలేదు."

అయ్యగారు కంగారుగా చెయ్యెత్తారు. "అమ్మా, ఇది సాక్ష్యం వేళ."

"సాక్ష్యమే సెప్తన్నాను అయ్యగారూ. తెలిసింది తెలిసినట్టు సెప్తే సాక్ష్యం కాదేటి?"

బావగారు లేచారు. నన్ను చూడలేదు. వెనక మగవాళ్ళ వైపు చూసి, "ఒరే ప్రసాదూ! రోగమొచ్చి దీనికి మతి పోనాది. నీ పెళ్ళాన్ని కూకోబెట్టు," అన్నారు.

మా ఆయన ఏమంటాడో నాకు నిజంగా తెలియదు. ఇంట్లో దీని గురించి మాట్లాడుకోవడానికి అతను ఒప్పుకోలేదు. ఇప్పుడు మెల్లగా లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకున్నాడు.

"అది అబద్ధం సెప్పట్లేదన్నియ్యా," అన్నాడు. "బ్యాటరీలు మోసింది నానే. గోతిలో ఆసిడ్ ఒంపుతుంటే సూసింది నానే. నీకు తెలుసని మాత్రం నాకు తెలీదు. నాకెందుకు సెప్పలేదు? నా గుంటకైనా ఆ నీళ్ళు పట్టొద్దని ఒక్కమాట సెప్పొచ్చు కదా?"

ఆడవాళ్ళ వైపు నుంచి మా పక్కింటి మార్తమ్మ లేచింది. పెళ్ళయ్యాక రెండుసార్లు కడుపు నిలవక, అత్తవారితో మాటలు పడుతున్న పిల్ల. తన రెండు గర్భాలు పోయింది ఆ నీళ్ళవల్లో కాదో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేరు. ఆమె ఏడవలేదు. "ఆనందరావు మావా," అంది, "రెండోసారి నన్ను మీ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళినావు. దారిలో ఏటి తాగినాను నాను, గుర్తున్నాదా?"

ఆయన చందా సంచి బల్ల మీద పెట్టి బయటికి నడిచారు. ఎవరూ ఆపలేదు. ఆయన నడిచే దారిలో కూర్చున్న ఆడవాళ్ళు, తగలకుండా కొంగులు దగ్గరికి లాక్కున్నారు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఎలాంటిదో దాచుకోను. సెలైన్లో వచ్చిన ఏ మందూ నాకు అంత హాయినివ్వలేదు.

తర్వాత చాలా జరిగింది. సోమవారం పేట ఆడవాళ్ళందరం ఇంటికో బాటిలు నీళ్ళు పట్టుకుని కలెక్టరు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళాం. అధికారులు వచ్చారు, నీళ్ళు తీశారు, మట్టి తీశారు, పిల్లలందరి రక్తమూ తీశారు. ఇంకొందరు పిల్లల్లో సీసం బయటపడింది. షెడ్డుకి తాళం వేసి సీలు వేశారు. బోరు మోటారు విప్పేసి గొట్టం మూతిని బిగించేశారు. గోతిలో మట్టిని లోతుదాకా తవ్వి లారీల్లో ఎక్కడికో పంపించారు. బావగారి మీద కేసు పెట్టారు. షెడ్డులో పని పోయినవాళ్ళు కొందరు నన్ను తిట్టారు. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. కానీ వాళ్ళ పిల్లలూ ఆ నీళ్ళే తాగారు.

చలికాలంలో పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. అయ్యగారూ ఉన్నారు. బావగారు పేటకి నీళ్ళ ప్లాంటు పెట్టిస్తారట. నేను ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలట.

"ప్లాంటు పెట్టించమనండి," అన్నాను. "ఫిర్యాదు తీయను."

"క్షమించమని ప్రభువు సెప్పలేదామ్మా?" అన్నారు అయ్యగారు.

"ఆయన నన్ను క్షమాపణ అడిగినారేటండీ? యాపిల్ పళ్ళు తెచ్చినారు."

పెద్దమనుషులు టీ తాగకుండా లేచిపోయారు. ప్లాంటు మాత్రం వచ్చింది. కోర్టులో మంచివాడనిపించుకోవడానికి వకీలు చెప్పి పెట్టించాడని అందరికీ తెలుసు. ఊరికి అటువైపు కొత్త బోరు వేసి, పరీక్ష చేయించి, అక్కడినుంచి పైపు లాగారు. అయినా ఇంకా ఏమైనా మిగిలుంటే పట్టేయడానికి ఆర్వో యంత్రం పెట్టారు. దాన్ని బిగించిన ఇంజనీరు మాకు విప్పి చూపించాడు. చుట్ట చుట్టిన పొర ఉంటుంది, నీళ్ళు దాన్ని దాటుతాయి, సీసంలాంటివి దాటలేక వెనక్కి వేరే గొట్టంలో పోతాయి. ఆ వెనక్కిపోయే నీళ్ళు మురిక్కాలవలోకి వదిలేస్తారా అని అడిగాను. వదలడానికి వీల్లేదని పట్టుబట్టాం. వాటికి వేరే తొట్టి కట్టించారు. ప్లాంటు మీద తన పేరు రాయించుకుంటానని బావగారు కబురు పెట్టారట. రాయిస్తే కింద బోరు సంగతి కూడా నేనే రాయిస్తానని మార్తమ్మ జవాబు పంపింది. పేరు రాలేదు.

చెయ్యి అప్పటికి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. రోజంతా మిషను తొక్కలేకపోయేదాన్ని. అందుకని మహిళా సంఘం వాళ్ళు ప్లాంటు చూసుకునే పని నాకిచ్చారు. పొద్దున్నే తెరవడం, మీటర్లు చూడటం, కుళాయి తిప్పి అందరి టిన్నులూ నింపడం. మొదటిరోజు నీళ్ళ పరీక్ష కాగితం చూశాకే తాళం తీశాను. సీసం లేదు. బ్లెస్సీ గ్లాసు పట్టుకుని నా మొహం చూసింది. "తాగొచ్చామ్మా?" అంది. నేనే ముందు తాగి ఇచ్చాను.

బావగారి ఇంటికి టిన్నుల వ్యాను రావడం ఆగిపోయింది. పేటలో ప్లాంటు వచ్చాక ఒక్క ఇంటికోసం ఇంతదూరం రానన్నాడట వ్యానువాడు. మా యారాలు నీళ్ళకి రాదు. "నాను తేను. మీకు నీళ్ళు కావాలంటే మీరే తెచ్చుకోండి," అని భర్తతో అనేసిందట. పనిమనిషి మానేసింది. అందుకని ఆయనే వస్తారు, తెల్లబట్టలు వేసుకుని, చేతిలో టిన్నుతో.

మొదటిరోజు అలవాటు ప్రకారం నేరుగా కుళాయి దగ్గరికి వచ్చేశారు.

"వరసలో రండి బావగారూ," అన్నాను.

వెనక్కి వెళ్ళారు. వరసలో ఉన్నవాళ్ళెవరూ చోటు ఇవ్వలేదు, జరిగి జరిగి చివరికి చేర్చారు. ఆ తర్వాత ఎవరు ఆలస్యంగా వచ్చినా ఆయనకి ముందే నిలబడతారు. ఆఖరి బిందె నిండేదాకా ఆయన టిన్ను నిండదు. రోజూ అంతే. నేను నియమం పెట్టలేదు, ఎవరూ పెట్టలేదు. కాదనీ అనలేదు.

నేను ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టే ద్రాక్షరసం పంచుకునే సంస్కారంలో, పాలుపంచుకోవడం మానేశాను. మనసులో పగ పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని నాకు తెలుసు. దేవుడి దగ్గర అబద్ధమాడలేను, అందుకే వెనక బెంచీలో కూర్చుంటాను. బావగారు కూడా బల్ల ఉన్న ఆదివారాల్లో చర్చికి రారు. కేసు వాయిదాల మీద నడుస్తోంది. ఎప్పటికి తేలుతుందో తెలియదు.

మొన్న అందరూ వెళ్ళిపోయాక ఆయనొక్కరే మిగిలారు. ఎండ అప్పటికే నెత్తిమీదికి వచ్చేసింది. టిన్ను కుళాయి కింద పెట్టి, మొదటిసారి నా మొహంలోకి చూశారు. మనిషి బాగా చిక్కిపోయారు.

"ఇలా ఎన్నాళ్ళమ్మా కరుణా?" అన్నారు.

నేను కుళాయి తిప్పాను. మంచినీళ్ళు, మా అందరికీ పట్టిన నీళ్ళే. అంచుదాకా నింపి, కుళాయి కట్టేసి, మూత బిగించి ఇచ్చాను.

"డాక్టరమ్మని నానూ అదే అడిగినాను బావగారూ," అన్నాను. "మా గుంట పూర్తిగా బాగవడానికి ఎన్నాళ్ళు పడతాదని. సెప్పలేమన్నారు. నానూ సెప్పలేను. రేపు రండి."